పజుండౌంగ్‌లో ఆరు పళ్లాలు

అమెరికాలో చదువు ముగించుకుని వస్తూ, విశాఖపట్నం స్టీమరు కోసం రంగూన్‌లో మూడు రోజులు ఆగాను. ఆ ఊళ్లోని పజుండౌంగ్ పేటలో రేవు కూలీలకు అన్నం వండిపెట్టే శ్రీకాకుళం ఆవిడ ఉండేది. అందరూ ఆమెను బర్మా మర్యాదతో ‘డా అప్పలమ్మ’ అని పిలిచేవారు. రెండో రోజు మధ్యాహ్నం అక్కడే తిన్నాను.

నెలన్నర ఓడ ప్రయాణంతో ఒళ్లు హూనమైపోయింది. అయినా తినగానే లేచి, నా పళ్లెంతో పాటు పక్కన తిని ముగించిన అయిదుగురివీ ఎత్తి, ఎడమచేతి మీద వరసగా పేర్చుకున్నాను. అలవాటు. ఇంకా తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి.

“మా ఎంగిలి ముట్టుకుంతావేటి బాబూ!” అన్నాడొక ముసలి కూలీ, భయపడిపోయి.

డా అప్పలమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. “ఎక్కడ నేర్సినావిది?”

“అమెరికాలో. యూనివర్సిటీలో.”

“అదేటి, అంత దూరమెల్లి అంట్లు తోమడం సదివినావా?”

చదివింది ఇంజనీరింగనీ, హాస్టల్లో రెండు పూటలా వందలమంది పళ్లాలు తీసి కడిగితేనే నాకు తిండి దొరికేదనీ, ఒక జడ్జిగారబ్బాయి కూడా నా పక్కన నిలబడి కడిగేవాడనీ చెప్పాను. జడ్జిగారబ్బాయి సంగతి ఎవరూ నమ్మలేదు.

ఆమె దగ్గరికొచ్చి నా చేతి మీది పళ్లాలు ఒక్కొక్కటే తీసుకుంది.

“సదువైపోనాది కదా బాబూ. ఇంక కూకో.”

అమెరికాలో ఉన్న నాలుగేళ్లలో తిన్నాక నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.