ఫెర్రీ వీధిలో పన్నెండో ఇల్లు

వేడి నూనె కాగితానికి తగిలితే ఒక వాసన వస్తుంది. కమ్మగానూ ఉంటుంది, కొంచెం మాడినట్టూ ఉంటుంది. నిన్న సాయంత్రం ఒమాన్‌లోని సోహార్‌లో మా అమ్మాయి షాహీన్ ఇంట్లో అలసంద వడలు చేస్తున్నాం. కడప నుంచి ఎవరో తెచ్చిన ఊరగాయ సీసాకు చుట్టిన తెలుగు పేపరును షాహీన్ పళ్లెంలో పరిచి, మొదటి వాయి దాని మీద వేసింది. ఆ వాసన రాగానే నేను వడలను పక్కకు నెట్టి, కాగితం లాగి చదవడం మొదలుపెట్టాను.

"అమ్మీ, నూనె కాగిపోతాండాది. అది ఎప్పటిదో పాత పేపరు. దాంట్లో నీ పేరేమన్నా పడిందా?"

"నాది కాకుంటే ఇంకెవురిదో ఉంటాది. గమ్మునుండు, చదవనీ."

ఒకవైపు ప్లాట్ల ప్రకటన, రెండోవైపు ఎవరో పెద్దాయన శ్రద్ధాంజలి ఫొటో. ఫొటో ఉన్న ముక్కను చించి పక్కన పెట్టి, మిగిలింది వడల కింద వేశాను. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. మేము ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, తెలుగూ కలిపి. నాకొచ్చిన అక్షరాలు మాత్రం తెలుగువే. ఇంగ్లీషు అక్షరాలు ఆ తర్వాత కూడబలుక్కున్నవి. ఆ కాస్త చదువుతోనే, నూనె కింద పెట్టే ప్రతి కాగితాన్నీ రెండు వైపులా చదివి గానీ పెట్టను. ఈ అలవాటుకు కారణం ఒక అమెరికా ఆమె. పేరు డోరతీ. ఆమెను తలుచుకోకుండా నాకు ఒక్క వడ కూడా వేగదు.

ఇరవై ఏళ్లు దాటింది. అప్పటికి నేను రాయచోటి పక్క మా ఊరు వదిలి, ఒమాన్‌లో ఇళ్లలో వంటపనికి చేరి ఆరేళ్లు. డోరతీ మేడమ్ కొడుకు సోహార్ పోర్టు దగ్గర ఒక ప్లాంటులో ఇంజనీరు. తండ్రి పోయాక తల్లిని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆమె రిటైరైన టీచరమ్మ. పనిలో చేరిన మొదటి రోజే నేను అరిగిపోయిన సబ్బు పెచ్చును కొత్త సబ్బుకు అతికించి పెడుతుంటే వాకిట్లో నిలబడి చూసింది. "ఖాదర్‌బీ, నువ్వు ఈ ఇంట్లో ఉంటావు" అంది. నాకంటే పిసినారి మనిషిని నేను మొదటిసారి చూసింది ఆ ఇంట్లోనే. పెన్సిల్ వేలెడు కూడా లేకుండా అరిగినా పారేయదు. సరుకులొచ్చిన గోధుమరంగు కాగితపు సంచులను కత్తిరించి, ఇస్త్రీ చేసి, వాటి మీద రాసుకునేది.

రాసుకునేది వాళ్ల ఊరి గురించి. ఊరి పేరు ఆల్డర్బీ. పెద్ద పట్నానికి రైల్లో ముప్పావు గంట దూరం. ఆ ఊరి లైబ్రరీ వాళ్లు చిన్న పుస్తకం వేస్తామంటే, రాసే పని ఈమె నెత్తిన వేసుకుంది. భోజనాల బల్ల మీద ఎప్పుడూ ఆ ఊరి పటం పరిచి ఉండేది. నేను అన్నం గిన్నె ఎక్కడ పెట్టాలన్నా ఏటినో రైలు పట్టాలనో దాటాల్సిందే. "గుట్ట మీద పెట్టు, అక్కడ జనం తక్కువ" అనేది. నేను వెల్లుల్లి ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని, రాసింది పైకి చదివేది. నా వంటింటి ఇంగ్లీషుకు అందేట్టు నిదానంగా, చిన్న చిన్న మాటల్లో. ఆమె మాటలు ఇక్కడ నాకొచ్చిన తెలుగులో రాస్తున్నాను.

మొదట ఆ ఏటి ఒడ్డున ఉన్నవాళ్లు వేరే జనమట. వాళ్లను వెళ్లగొట్టాక వాళ్ల భాషలో ఏటికున్న పేరొక్కటే మిగిలింది. తర్వాత పిండిమిల్లు వచ్చింది, మిల్లు వెనక రైలు వచ్చింది. గుట్ట మీద పట్నం దొరలు మేడలు కట్టుకున్నారు. వాళ్ల బట్టలు ఉతికేవాళ్లు, మంచుగడ్డలు మోసేవాళ్లు, తోటపని వాళ్లు ఏటి పక్క పల్లంలో ఉన్నారు. ఆ పల్లపు వీధే ఫెర్రీ వీధి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి మగవాళ్లు తిరిగొచ్చాక ఆపిల్ తోటలన్నీ కొట్టేసి, అచ్చుపోసినట్టు ఒకే రకం ఇళ్లు వరసగా కట్టారు. డ్యూటీ దిగి అలసిపోయి వచ్చిన ఒకాయన పక్కవాళ్ల ఇంట్లోకి పోయి, వాళ్ల కుర్చీలో కూర్చుని, కాఫీ అడిగాడట. నేను నవ్వితే, "నవ్వకు. ఆయన మా నాన్న" అంది.

కొత్త ఇళ్లకు కార్లు పోవాలని వెడల్పు రోడ్డు వేశారు. ఆ రోడ్డు కింద ఫెర్రీ వీధి మొత్తం పోయింది. పందొమ్మిది ఇళ్లు. అక్కడి నల్లవాళ్లకు చేతిలో డబ్బున్నా కొత్త ఇళ్లు అమ్మలేదు. అమ్మకూడదని ఇంటి కాగితాల్లోనే రాసుకున్నారట.

"మా ఊర్లో కూడా అంతే కదా మేడమ్," అన్నాను నేను. "వంక పొంగితే మునిగేది మా ఇండ్లే. ఉన్నోళ్లు మిట్టన ఉంటారు. దీనికి పుస్తకమెందుకు?"

"ఊరి పాత పుస్తకంలో గుట్ట మీది కుక్కల పేర్లు కూడా ఉన్నాయి, ఖాదర్‌బీ. ఫెర్రీ వీధిలో మనుషుల పేరు ఒక్కటీ లేదు. అందుకు."

ఆ వీధిలో పుట్టిన రూత్ అనే ముసలామె ఒక్కతే అందరినీ ఎరుగును. ఆమె ఫోనులో ఇల్లిల్లూ చెప్పుకుపోతే మేడమ్ రెండు సంచి కాగితాల మీద రెండు వైపులా రాసుకుని, ఎప్పటిలాగే నాకు పైకి చదివి వినిపించింది. ఆ తర్వాత మూడు నెలలకు రూత్ చనిపోయింది.

రంజాన్ నెలలో ఒకరోజు నేను అలసంద వడలు చేస్తున్నాను. రోజా ఉన్నాను, పొద్దుట్నించీ పచ్చి నీళ్లు కూడా ముట్టలేదు, తల తేలిపోతోంది. వడల కింద వేయడానికి ఏదన్నా కాగితం ఉందా అని చూస్తే, ఫ్రిజ్ పక్కన కత్తిరించిన సంచి కాగితాలు కనిపించాయి. రెండు వైపులా పెన్సిల్ గీతలు. రెండు వైపులా వాడేసిందంటే మేడమ్‌కు ఇక పనికిరాదని నా లెక్క. నేనైతే అప్పుడే పారేస్తాను. నాలుగు ముక్కలు చేసి మూడు వాయిలు వాటి మీద తీశాను. అంతటితో ఊరుకున్నానా? నూనె పీల్చిన ముక్కలను నలిపి, వాటితోనే పొయ్యి గట్టు కూడా తుడిచాను.

మేడమ్ వచ్చి కాగితాలు వెతుక్కుంది. తర్వాత నా చేతిలోని ఉండను చూసింది. విప్పింది. పిండీ, మసీ, నూనే తప్ప అక్షరమన్నది లేదు. అరుస్తుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుండిపోయింది.

"రూత్ లేదు, ఖాదర్‌బీ. ఎల్లుండి మా అబ్బాయి పుస్తకం తీసుకుని విమానం ఎక్కుతాడు. ఫెర్రీ వీధి లేకుండానే పోతుంది."

ఏం చెయ్యాలో తెలియక, తెలిసిన మాట అన్నాను. "బ్రిడ్జి దిగినాక ఎడం పక్క మొదటిల్లు మార్తాది కదా మేడమ్? దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆమె. ముగ్గురు కూతుళ్లు."

తలెత్తింది. "మళ్లీ చెప్పు."

చెప్పాను. ఎనిమిదేళ్లుగా ఒక్క సరుకుల చీటీ రాయని మనిషిని. విన్నది బుర్రలో పెట్టుకోవడమే నాకు తెలిసిన చదువు. రెండో ఇల్లు మంచుబండి వాడిది, పగ్గం వదిలేసినా వాడి గుర్రమే ఇంటింటి ముందూ ఆగేది. మూడో ఇల్లు ఇటలీ వాళ్లది, మిద్దె మీద టమాటా తీగలు. ఏడో ఇంట్లో రైలు స్టేషన్‌లో మూటలు మోసే శామ్యూల్, డబ్బు చేతబట్టుకుని గుట్ట మీద ఇల్లు అడిగి తిరిగొచ్చిన మనిషి. మేడమ్ తలెత్తకుండా రాస్తోంది. పదకొండో ఇల్లు టోపీలు కుట్టే అన్నాచెల్లెళ్లది. పన్నెండు...

పన్నెండు రాలేదు. పదమూడు నుంచి పందొమ్మిది దాకా గడగడా వచ్చింది. మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చినా పన్నెండు దగ్గర గోడ అడ్డమొచ్చినట్టే. అంతలో రోజా విడిచే మగ్రిబ్ అజాన్ వినిపించింది. మేడమ్ లేచి ఖర్జూరమూ నీళ్లూ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎనిమిదేళ్లలో ఒక యజమాని నాకు అందించిన మొదటి గ్లాసు అది.

"ఏదో ఒక పేరు రాసెయ్యండి మేడమ్. ఎవురు చూసొచ్చినారు?"

"ఆ ఇంట్లో ఉన్నవాళ్లు చూశారు," అని ఆ గీత ఖాళీగా వదిలేసింది.

తర్వాత పళ్లేల్లో సర్దిన వడలు చూసి, "ఇవి ఎవరికి?" అంది.

"చుట్టుపక్కలోళ్లకి. రంజాన్‌లో పంపించేది మా పద్ధతి."

"వాళ్ల పేర్లు?"

కంటితో చూడని ఊళ్లో పద్దెనిమిది ఇళ్లు గడగడా చెప్పినదాన్ని, రెండేళ్లుగా పళ్లేలు పంపుతున్న ఇళ్లలో ఒక్క పేరూ చెప్పలేకపోయాను. మేడమ్ మందలించలేదు. అరిగిన పెన్సిల్ ముక్క ఒకటి నా చేతికిచ్చి, వీపు తట్టి పంపింది.

ఎదురింటి ఒమానీ ముసలామె పేరు ఉమ్మ్ సాలిం, అంటే సాలిం వాళ్లమ్మ. ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. గోడ వెనక రూముల్లో కంపెనీ పనివాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకతనితో రోజూ నీళ్ల ట్యాంకర్ దగ్గర హిందీలో మాట్లాడేదాన్ని. "భయ్యా, ఆప్ కా నామ్?" అంటే, "లింగయ్య" అన్నాడు.

"లింగయ్యా? తెలుగాయనవా నువ్వు?"

"జగిత్యాల కాడ మాది. ఏందమ్మా, రెండేండ్ల సంది నాతోని హిందీల లొల్లి పెడుతున్నవ్, గిప్పుడా పేరడుగుడు?" అని పగలబడి నవ్వాడు. రెండేళ్లు తెలుగు మనుషులం ఇద్దరం, ఇద్దరికీ సరిగా రాని భాషలో కీచులాడుకున్నాం. పేర్లన్నీ తెలుగులో రాసి తెస్తే మేడమ్ వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివించుకుంది, నా బడి మూడో తరగతి దగ్గర ఆగలేదన్నట్టు.

మరుసటి ఏడాది ఆమె వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు పుస్తకం వచ్చింది, పలచనిది. ఫెర్రీ వీధి రెండు పేజీలు. పన్నెండో ఇంటి దగ్గర ఖాళీ గీత. అడుగున సన్న అక్షరాల్లో: 'ఈ వీధిని చెప్పినవారు రూత్ (ఆల్డర్బీ), ఖాదర్‌బీ (సోహార్).' కూడబలుక్కుని చదువుకున్నాను. అచ్చులో నా పేరు నేను చూసుకుంది ఆ ఒక్కసారే. తర్వాత ఆమె పోయిందని కొడుకు ఫోను చేశాడు. నమాజు అయ్యాక ఆమె కోసం దువా చేశాను. ఇప్పటికీ చేస్తాను.

ఆమె నా తప్పును క్షమించి ఊరుకుంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ ఖాళీ గీతను ఖాళీగానే అచ్చు వేయించింది. అందుకే అది ఇంకా నా దగ్గరుంది. వెల్లుల్లి ఒలిచేటప్పుడు ఇప్పటికీ బ్రిడ్జి దిగి ఒక్కో ఇల్లూ చెప్పుకుంటూ పోతాను, ఏమో, ఈసారి వస్తుందేమోనని.

నిన్న వడలు అయ్యాక ఒక పళ్లెం తీసి మూత పెట్టాను. షాహీన్ వాళ్ల ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా ఎవరో దిగారు.

"యాడికి అమ్మీ? వాళ్లెవరో మనకు తెలీదు."

"అందుకే పోతాండా," అని చెప్పులేసుకున్నాను. పెన్సిల్ ముక్క కొంగుకు కట్టే ఉంది.