రేవు మీద నా సంతకం

డ్యాము ఒడ్డున రిసార్టు కట్టినవాళ్ళు, లోపలికి అడుగు పెట్టగానే కనపడేలా గోడకి పెద్ద బోర్డు తగిలించారు. పైన హిందీ, కింద ఇంగ్లీషు. ఈ నీళ్ళలో పడవ షికారు ఎప్పుడు మొదలయింది, ఎవరు మొదలుపెట్టారు అని అందులో చరిత్ర రాసి ఉంది. ఆ చరిత్ర అబద్ధం. దానికి సాక్ష్యంగా వాళ్ళు చూపించే కాగితం మీద ఉన్నది నా సంతకం. అందుకే ఇది రాస్తున్నాను. అరవై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. నా వాక్యాలు నచ్చకపోతే ఇక్కడే ఆపేయండి, నాకేం బాధ లేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు మనిషి. రైల్వేలో పని దొరికిందని బిలాస్‌పూర్ వచ్చేశాడు గానీ, ఆయన మాటలన్నీ పడవల గురించే. నేను రైలుపెట్టెలు బాగుచేసే కారేజీ షెడ్డులో వడ్రంగి పనికి కుదిరాను. కార్తీకమాసంలో తార్‌బహార్ పేట తెలుగువాళ్ళమూ, రైల్వే క్వార్టర్లవాళ్ళమూ కలిసి లారీ మాట్లాడుకుని ఆ డ్యాముకి వనభోజనాలకి పోయేవాళ్ళం. అప్పుడు అక్కడ రిసార్టు లేదు సరికదా, టీ కొట్టు కూడా లేదు. డ్యాము కట్టినప్పుడు పొలాలు మునిగిపోయిన ఊరొకటి ఒడ్డున మిగిలింది. ఆ ఊరివాళ్ళు చేపలు పట్టుకునే డోంగాలు మాత్రం ఉండేవి. ఒకే మానుని తొలిచి చేసిన సన్నటి పడవలు. ఇద్దరికి మించి ఎక్కితే, ఎవడైనా తుమ్మినా ఒరిగిపోయేవి. నీళ్ళ మధ్యనున్న దిబ్బ మీదికి పోవాలని మా ఆడవాళ్ళకి ఆశ, ఎక్కాలంటే భయం.

ఒక ఏడాది మా ఆవిడ అందరి ముందూ అనేసింది. "సముద్రపోడి కొడుకువి. ఈ సెరువులో నన్నో సుట్టు తిప్పనేవేటి?"

ఆ ఒక్క మాటకి పడవ చేశాను. మా నాన్న నేర్పిన పడవ తప్ప నాకు ఇంకోటి రాదు. మేకు కొట్టకుండా, పలకలకి బెజ్జాలు వేసి కొబ్బరి తాడుతో కుట్టే పడవ అది. సముద్రంలో అల విసిరికొడితే మేకు ఊడుతుంది, కుట్టు వంగుతుంది. అల అన్నదే లేని డ్యాములో వంగే పడవతో ఏం పని అని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. షెడ్డులో డ్యూటీ లేని రోజల్లా ఆ ఒడ్డున కూర్చుని కుట్టాను. డోంగా నడిపేవాడొకడు, నా ఈడువాడే, ప్రతిసారీ వచ్చి ఎదురుగా గొంతుకూర్చుని చూసేవాడు.

"అరే ఆంధ్రా, పడవ చేస్తున్నావా, పరుపు కుడుతున్నావా?" అన్నాడు వాళ్ళ ఛత్తీస్‌గఢీలో.

"దుంగ తొలుసుకునేవోడికి నీకేటి తెలుస్తాది, పో" అన్నాను నా తెలుగులో. మాట తెలియకపోయినా తిట్టని తెలిసింది. పకపకా నవ్వాడు.

పడవ దింపాం. పది బారలు పోయేసరికి కుట్ల సందుల్లోంచి నీళ్ళొచ్చి పాదాలు తడిశాయి. సగం దూరం పోయేసరికి మా ఆవిడ పులిహోర ఇంకో గిన్నెలోకి ఒంపేసి, ఖాళీ గిన్నెతో నీళ్ళు తోడుతోంది. తోడుతూ నన్నూ మా నాన్ననీ కలిపి తిడుతోంది. డోంగావాడు పక్కనే వస్తూ నవ్వలేక చచ్చి, చివరికి తాడు విసిరి మమ్మల్ని ఒడ్డుకి లాగాడు.

తర్వాత కుట్లన్నీ విప్పేశాం. అక్కడి అడవి మాను, సాలు చెక్క, వాడు తెచ్చాడు. ఇనుప పట్టీలు వాళ్ళ ఊరి కమ్మరి కొట్టిచ్చాడు. పలకలు కలిపింది నేను. ముక్కు దగ్గర మాత్రం మా నాన్న కుట్టు జానెడు ఉంచేశాను, పనికోసం కాదు, పౌరుషం కోసం. పదిమంది కూర్చునే పడవ తయారయింది. జనం సరదాకి ఎక్కి ఆ నీళ్ళలో తిరిగిన మొదటి పడవ అదే. దాన్ని నడిపింది వాడు, వాళ్ళ ఊరి రేవులోంచి. ఇదీ చరిత్ర. బోర్డు మీద రాయవలసింది ఇంతే.

ఆ ఏడే ఆ డోంగావాడూ నేనూ మితాన్ కట్టుకున్నాం. ఇక్కడి ఆచారం అది. ఏ చుట్టరికం లేని ఇద్దరు మనుషులు నలుగురి ముందు కొబ్బరికాయలు మార్చుకుంటే బతికినంత కాలం బంధువులు. పెళ్ళికీ చావుకీ ముందు నిలబడాలి. ఇంకో నియమం కూడా ఉంది. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. మితాన్ అనే పిలుచుకోవాలి. పేరు పెట్టి పిలిస్తే ఆ బంధం తెగినట్టే. మా నాన్న పోయినప్పుడు పాడె ముందు కొమ్ము పట్టింది మితానే.

ఆ తర్వాత ఒడ్డుకి టీ కొట్టు వచ్చింది. టీ కొట్టు వెనకాల కాళ్ళతో తొక్కే ప్లాస్టిక్ హంసలు వచ్చాయి. హంసల వెనకాల సిమెంటు గదులు, ఏసీలు, చెట్టుకొకటి కట్టిన స్పీకర్లు వచ్చాయి. నీళ్ళు చూడ్డానికని అంత దూరం వచ్చి, నీళ్ళకి వీపు తిప్పి ఫోటోలు దిగే జనం వచ్చారు. వాళ్ళని చూస్తే నాకు అసహ్యం. ఊరివాళ్ళని తోసుకుంటూ తోసుకుంటూ పోయి ఒక్క రేవు మిగిల్చారు. అది మిగలడానికీ కారణం ఉంది. ముందునుంచీ పడవలు నడిపినవాళ్ళదే రేవు అని డ్యాము ఆఫీసులో పాత ఉత్తర్వు ఉందట. కాబట్టి రిసార్టువాళ్ళకి ఇప్పుడు కొత్త హంసలు అక్కర్లేదు, పాత తాత కావాలి. ముందునుంచీ నడిపింది మా తాతే అని చెప్పుకోవాలి.

ఇక నా చదువు సంగతి. ఉద్యోగం మొత్తం వేలిముద్రతో చేశాను. వేలిముద్ర మనిషికి ఒక పద్ధతి ఉంటుంది. కాగితం ఒకరిచేత చదివిస్తాడు. అక్కడితో నమ్మడు, ఇంకొకరిచేత చదివిస్తాడు. రెండూ ఒకటయితేనే బొటనవేలు చాస్తాడు. అలాంటివాణ్ణి ముంచడం కష్టం. రిటైరయ్యాక, మా తెలుగు సంఘం గదిలో ఆదివారాలు పిల్లలకి తెలుగు చెబుతుంటే వెనక బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు మానేశారు, నేను మానలేదు. నా పేరు రాయడం వచ్చిన రోజున ఇంట్లో పాలబిల్లు వెనకా, కాలెండరు మీదా, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ రాశాను. "తాతా, యే క్యా జిలేబీ బనాయా?" అంది మనవరాలు. దానికి తెలుగు చదవడం రాదు. నాకు హిందీ చదవడం రాదు, మాట్లాడ్డం మాత్రం గడగడా మాట్లాడతాను.

ఆ రోజుల్లోనే రిసార్టు మేనేజరు తార్‌బహార్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో మిఠాయి డబ్బా. పాత పడవ చేసిన కారీగర్‌ని నేనేనని ఎవరో చెప్పారట. పాతబడి ఒడ్డున పడున్న ఆ పడవ ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉందట, జాగ్రత్తగా దాచారట, నా గౌరవం కోసం చిన్న కాగితం తెచ్చాడట. హిందీ కాగితం. సంచిలోంచి ఇంకుపెట్టె కూడా తీసి బల్ల మీద పెట్టాడు.

"అంగూఠా చాలు దాదాజీ, ఇబ్బంది పడకండి."

ఆ ఇంకుపెట్టె చూసి ఒళ్ళు మండిపోయింది. "అంగూఠా నహీ. కలమ్ దో" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "ఆగు. కోడలొచ్చినాక సదివించుకో. దాన్లో ఏటుందో ఏటో."

"నాకు సదువొచ్చు. నువ్వూరుకో" అన్నాను.

తెలుగులో నా పేరు పూర్తిగా, ఒక్క గుడి దీర్ఘం కూడా వదలకుండా రాసిచ్చాను. వేలిముద్ర వేయాల్సి వచ్చుంటే ఇద్దరిచేత చదివించేవాణ్ణి. సంతకం వచ్చినవాడు చదివిపెట్టమని అడగడం చిన్నతనం అనుకున్నాను. ఇంత పొగరు మోసిన మనిషి దరిద్రుడు కాకపోతే ఎవడవుతాడు?

కార్తీకంలో ఎప్పటిలాగే డ్యాముకి పోయాం. ఊరివాళ్ళ రేవుకి అడ్డంగా గొలుసు. రిసార్టు గేటు దగ్గర నా పడవ. నిండా మట్టి పోసి బంతిమొక్కలు పెట్టారు. ముక్కు దగ్గర మా నాన్న కుట్టు మీద ఎవడో రంగు పూశాడు. కంచెకి బయట మితాన్ కూర్చున్నాడు. లేవలేదు. ప్లాస్టిక్ కవరులోంచి, ఆఫీసులో ఇచ్చిన నకలు కాగితం తీసి నా ముందుకి చాచాడు.

"చదువు. నీకు చదువొచ్చిందట."

మా కోడలు అందుకుని చదివింది. ఈ పడవను రిసార్టు యజమాని తాతగారి రేవులో, ఆయన ఆజ్ఞ మీద, ఆయన పనివాడిగా నేను తయారుచేశాను, అప్పటికి ఆ రేవులో ఊరివాళ్ళ పడవలేవీ లేవు అని ఉంది. కింద నా సంతకం.

"మావయ్యా, యే తో మీదే" అంది కోడలు నెమ్మదిగా.

"మితాన్, నేను చదవకుండా..." అన్నాను.

"వేలిముద్ర రోజుల్లో నువ్వు ఇంత గాడిదవి కాదు" అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. "సంతకం సంతకమని ఎగిరినావు. ఎగురిప్పుడు" అంది.

గేటు దగ్గరికి పోయి పడవలో మొక్కలు పీకడం మొదలుపెట్టాను. నాలుగు పీకేసరికి వాచ్‌మన్ చేయి పట్టుకున్నాడు. మేనేజరు నవ్వుతూ వచ్చాడు. "దాదాజీ, సైన్ ఆప్ కా హై నా?" అన్నాడు. వాడి మొహాన ఉమ్మాను. తప్పని నేను అనుకోను.

వారం తిరక్కుండా డ్యాము ఆఫీసుకి పోయాను. జరిగింది జరిగినట్టు నేను చెప్పగా కోడలు హిందీలో రాసింది. కుట్టు పడవ నీళ్ళు పట్టిన సంగతి, సాలు చెక్క ఎవరిది, రేవు ఎవరిది, అన్నీ. మితాన్‌కి కబురు పెడితే వచ్చి, గది చివర బెంచీ మీద కూర్చున్నాడు. కాగితం గుమాస్తా చేత చదివించాను. తర్వాత బంట్రోతు చేత చదివించాను. గుమాస్తా విసుక్కున్నాడు.

"మీకు చదువొచ్చుగా, ఇన్నిసార్లు ఎందుకు?"

"రాదు" అన్నాను. "ఇంకు తియ్."

"వేలిముద్ర చెల్లదు తాతా. పాతదాని మీద సంతకం ఉంది. ఇదీ అలాగే ఉండాలి, లేకపోతే మనిషి వేరంటారు."

ముందు బొటనవేలు వేశాను. దాని పక్కన సంతకం పెట్టాను. వేలికున్న ఇంకు తగిలి, మొదటి అక్షరం అలుక్కుపోయింది. సంతకం ఎవరిదో నమోదు చేయాలని గుమాస్తా నా పేరు అడిగి, ఇంటిపేరుతో సహా పైకి చదివాడు. గదిలో అందరూ విన్నారు.

ఈ కాగితం పైకి పోయిందన్నారు. దాని సంగతి ఇంకా తేలలేదు. గొలుసు ఉంది, బోర్డు ఉంది, బంతిమొక్కలు మళ్ళీ నాటారు.

ఆ రోజు బయటికి వచ్చాక ఇద్దరం మెట్ల మీద నిలబడ్డాం. నేను బీడీ ఇచ్చాను. తీసుకోలేదు. మా బస్సు మలుపు తిరుగుతోంది. మితాన్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోట రానివ్వని నా పేరు పలికాడు. గుమాస్తా చదివినట్టే, ఇంటిపేరుతో సహా.

"నీ బస్సొచ్చింది. ఎక్కు" అన్నాడు.

ఎక్కాను.