నలభై ఏడో అట్ట

మా ధర్మవరం నుంచి హిందూపురం పోవడానికి తారు రోడ్డు ఉంది, రైలు ఉంది, బస్సులున్నాయి. ఇవన్నీ ఉండగా రామగిరి గుట్టల వెనక నుంచి, కంకర తేలిన మట్టి దారుల్లో, చెరువు కట్టల మీదుగా సైకిలు తొక్కుకుంటూ పోయేవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. నా భార్య దీన్ని పిచ్చి అంటుంది. నేను కాదనను.

ముప్పై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి. నడుము పట్టేసి, మోకాళ్లు మొరాయిస్తే డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ఒకాయన ఊరు మారుతూ తన గ్రావెల్ బైకు నాకు అమ్మాడు. కిందికి వంగిన హ్యాండిలు, లావు టైర్లు, గులకరాళ్ల మీద కూడా జారని బండి. మగ్గం తొక్కిన కాళ్లకు పెడలు కొత్తేమీ అనిపించలేదు. మొదటి నెల ఊరి చెరువు దాకా, తర్వాత రామగిరి దాకా, ఏడాది తిరిగేసరికి పెనుకొండ దాకా పోవడం మొదలుపెట్టాను. నాలుగు గోడల మధ్య పోగులు చూసి చూసి అలిసిన కళ్లకు ఆ గుట్టల్లోని అడవి ఎంత హాయో మాటల్లో చెప్పలేను.

అంత హాయిలోనూ ఒక ముల్లు గుచ్చుతూనే ఉండేది. హిందూపురంలో ఉండే మా అక్కతో నేను పెట్టుకున్న తగవు అది.

చీర అంచు మీద బొమ్మ పడాలంటే మాకు అట్టలు కావాలి. అట్టకు రంధ్రాలు కొట్టి, వాటినన్నిటినీ వరుసగా దారంతో కుట్టి, మగ్గం పైన వేలాడదీస్తాం. ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో ఆ రంధ్రాలే చెబుతాయి. మా అమ్మ ఒక నెమలి అంచుకు తన చేత్తో కొట్టిన అట్టలు మా ఇంట్లో ఉండిపోయాయి. వాటికి మూలమైన గీతల కాగితం చెదలు తినేసింది కాబట్టి ఆ నెమలి ఇక ఆ అట్టల్లోనే ఉంది. ఒక్కో అట్ట మూలన పెన్సిలుతో అంకె. అమ్మ పోయాక ఆ అంకెల మీద వేలు పెట్టి ఎన్నిసార్లు చూసుకున్నానో.

అమ్మ కర్మలు అయిన నాడు అక్క ఆ అట్టలు అడిగింది. నాకు నోటి దురుసు ఎక్కువ. "పెండ్లయి పోయినదానివి, అమ్మ అట్టలు నీకెందుకు" అనేశాను, బావ ముందు, చుట్టాల ముందు. ఆ రోజు నుంచి అక్క నన్ను ఒరేయ్ అని పిలవడం మానేసింది. ఫోను చేస్తే "ఏమప్పా, బాగుండారా" అని పరాయివాణ్ణి అడిగినట్టు అడిగేది. రెండేళ్లు అదే వరస. ఆ మర్యాద కంటే చెంప పగలగొట్టినా బాగుండేది.

మొన్న వానాకాలం చివర్లో బావ ఫోను చేసి, అక్క చాన్నాళ్లకు మళ్లీ మగ్గం ఎక్కిందని, ఈసారి తన కోసమే ఒక చీర నేసుకోవాలనుకుంటోందని చెప్పాడు. ఏ అంచు అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ సాయంత్రమే అటక మీది అట్టలు దించాను.

కుట్టిన పాత దారం పుచ్చిపోయి ఉంది. మామూలు నూలు దారంతో మళ్లీ కుట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. అమ్మ చేతివి, అక్కకు ఇస్తున్నవి, వీటికి నూలేమిటని మేలైన ఎర్ర పట్టు దారం తీశాను. పట్టుకు ముడి నిలవదని మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. పోగు తెగితే వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతుకుతాం గానీ ముడిని నమ్మం. తెలిసి తెలిసీ ముడులే వేశాను. ఒక్కో దారం విప్పుతూ, అక్కడికక్కడే కొత్తది కట్టుకుంటూ పోయాను గానీ అంకెలు చూడలేదు. పోనీ బస్సులో పోవచ్చు కదా అంటే, కిక్కిరిసిన బస్సులో అట్టలకు ఎవరి కాలైనా తగులుతుందని భయం. మగ్గం సామానుకు పొరపాటున కాలు తగిలినా కళ్లకద్దుకునే ఇళ్లు మావి.

తెల్లవారగానే అట్టలను గుడ్డలో మూటగట్టి, మూతికి కూడా ఆ పట్టు దారమే ముడేసి, సైకిలు క్యారేజీకి కట్టుకుని బయలుదేరాను. రామగిరి దగ్గర పాత బంగారు గనుల మట్టిదిబ్బలు దాటితే దారి అడవిలోకి తిరుగుతుంది. గుట్టల మీద గాలిమరలు, కింద తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు, మధ్యలో ఎర్రటి కంకర దారి. ఆ ఏడు వానలు బాగా పడి ప్రతి వంకలోనూ నీళ్లు పారుతున్నాయి. పెనుకొండ వైపు ఒక పెద్ద దిగుడు ఉంది, నాకు ప్రాణమైన చోటు. బ్రేకుల మీద రెండు వేళ్లు పెట్టి, సీటు మీద నుంచి కాస్త లేచి, ఒక్కో బండనూ తప్పించుకుంటూ వదిలేస్తే చివర్న చెట్ల సందులోంచి చెరువు ఒక్కసారిగా కనిపిస్తుంది. ఆ రోజు ఉత్సాహం ఎక్కువై రోజూ కంటే వేగంగా దిగాను. కట్ట మీద ఆగి, సీసాలో నీళ్లు తాగుదామని దిగి చూస్తే మూట సగానికి సగం చిక్కిపోయి ఉంది.

ముడులన్నీ జారిపోయాయి. గుడ్డ మూతి తెరుచుకుని, దిగుడు పొడుగునా అట్టలు రాలుతూ వచ్చాయి.

సైకిలు అక్కడే పడేసి వచ్చిన దారినే పైకి పరిగెత్తాను. కొన్ని దారి మధ్యలో, కొన్ని తుమ్మ కంపలో, రెండు వంక నీళ్లలో. మేకలు మేపుకుంటున్న ఒక అవ్వ నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"ఏమప్పా, ఏం యెతుకుతాండావు?"

చెప్పాను. ఆమె ఇంకేమీ అడక్కుండా కట్టె పక్కన పెట్టి, కంపలో చెయ్యి పెట్టి ఏరడం మొదలుపెట్టింది. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి కట్ట మీద కూర్చుని వరుసగా పేర్చాను. చివరి అంకె నూట ఇరవై. నలభై ఆరు ఉంది, నలభై ఎనిమిది ఉంది. నలభై ఏడు లేదు.

మళ్లీ పైకి, మళ్లీ కిందికి. పొద పొదా దులిపాను. చివరికి ఒక మేక ఏదో నములుతూ కనిపిస్తే నా తిక్క నెత్తికెక్కింది. "నీ మేకే తినేసిండాది" అని అవ్వ మీద అరిచాను. ఆమె కోప్పడలేదు. మేక దవడ పట్టి నోరు తెరిచి చూపించింది. లోపల తుమ్మకాయ.

"గుట్టంతా పచ్చగుంటే అట్ట తినే కర్మ దానికేం పట్టిందప్పా" అంది. "అయినా పోయిందని నీకెట్ల తెలుసు?"

"అంకె లేదవ్వా."

"నాకు అంకెలు రావు. నా మేక ఒగటి తప్పిపోతే నేను మొగాలు చూసి కనుక్కుంటా. నువ్వు అట్టల్లో బొక్కలు చూడవేం?"

ఆ మాట నేను చెవిన పెట్టలేదు. ఆమెకు సరిగా దండం కూడా పెట్టకుండా బయలుదేరాను. ఆ తర్వాతి వారం వెతుక్కుంటూ పోయి తప్పు ఒప్పుకున్నాను, మేక దగ్గర కూడా.

పెనుకొండ దాటాను, ఎర్రమంచి దాటాను. పరిగి చెరువు కట్ట మీద ఎదురుగాలి. పెడలు తొక్కుతున్నంత సేపూ ఒకటే ఆలోచన. చెప్పకుండా ఇచ్చేస్తే? మగ్గం మీద పెట్టాక నెమలి మధ్యలో తెగితే, పాత అట్టలు కదా, ఎప్పుడో పోయి ఉంటుందని అనుకుంటుంది. చెబితే మాత్రం, ఇవ్వడం ఇష్టం లేక ఒకటి దాచుకున్నాడనుకుంటుంది. ఎందుకు అనుకోదు, అంత మాట అన్నవాణ్ణి. నిజంగా భయమేసింది. కట్ట దిగేదాకా దాచాలనే ఉంది.

అక్క గుమ్మంలోకి వచ్చింది. "ఏమప్పా, బాగుండారా. ఇంత దూరం సైకిల్లో వచ్చినారా" అంది.

ఆ "వచ్చినారా" విన్నాక ఇంకేమీ దాచబుద్ధి కాలేదు. "అక్కా, అట్టలు తెచ్చినా. దారిలో పడిపోయినాయి. అన్నీ దొరికినాయి గానీ నలభై ఏడోది పోగొట్టినా. ఆ రోజు నోరు జారినా, ఈ రోజు చెయ్యి జారినా" అన్నాను.

అక్క మూట విప్పి, నలభై ఆరు, నలభై ఎనిమిది రెండూ తీసి, కిటికీ వెలుతురుకు పక్కపక్కన పట్టింది. వేలితో రంధ్రాలు తడుముతూ పోయింది. నెమలి మెడ ఒక అట్టలోంచి రెండో అట్టలోకి ఎక్కడా తెగకుండా నడిచింది. ముప్పై ఏళ్ల నేతగాణ్ణి, చేయాల్సిన పని అదే. నేను మాత్రం కట్ట మీద అంకెలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"నలభై ఏడు ఎప్పుడుండె?" అంది అక్క. అప్పటికే నవ్వు ఆపుకోలేకపోతోంది. "అమ్మ బొక్కలు కొడ్తాంటే అంకెలు రాసింది నేను. పదేండ్లదాన్ని. నిద్రకు తూగుతా ఒగటి దాటేసినా. అమ్మ చూసి, పోనీలే, నెమిలికి అంకెలు రావులే, అనింది."

నేను గడప మీదే కూర్చుండిపోయాను. పొద్దున్నించి మోసిన బరువంతా దిగిపోయింది. ఆ వెనకే ఇంకొకటి తట్టింది. రెండేళ్లు అమ్మ చేతిరాత అనుకుని నేను వేలు పెట్టి చూసుకున్నది, అక్కకు ఇవ్వనని దాచుకున్నది, అక్క చేతిరాతే.

అక్క అట్టలు కళ్లకద్దుకుని పక్కన పెట్టింది. ఎర్ర పట్టు దారం ముక్కలు వేలికి చుట్టుకుని చూసి తల కొట్టుకుంది.

"ఒరేయ్, దీనికి పట్టుతో ముడులేస్తార్రా ఎవరన్నా. లెయ్, కాళ్లు కడుక్కోనిరా. నూలు దారం తీస్తా, ఇద్దరం కుడదాం."