పక్క సీట్లో కూర్చోమంటే

ఇంజన్ మార్చి తెచ్చిన రోజు నుంచి మా కారు రెండో గేరు వదలనంటోంది. ఆటోమేటిక్ బండి, గేర్లు దానంతటవే మారాలి. మెల్లగా తొక్కుతుంటే ఇంజన్ గోల పెడుతుందే గానీ మూడో గేరు పడదు. తీరా పడితే వెనక నుంచి ఎవరో గుద్దినట్టు పడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో అలా ఎగిరి దూకితే ముందున్న స్కూటరు మనిషి గతేం కాను?

ఎల్బీ నగర్‌లో ఇంజన్ మార్చిన షెడ్డుకే తీసుకెళ్లాను. మెకానిక్ నా మాట సగం విని, తాళం లాక్కుని, విజయవాడ రోడ్డు మీద రయ్యిమని ఒక చుట్టు కొట్టొచ్చాడు.

"బండి మస్తుగుంది మేడం. కొత్త ఇంజన్ గదా, మీకే జర అలవాటు గావాలె."

అలవాటట! ఇన్నేళ్లుగా ఆ బండి నడుపుతున్నది నేను కాక ఎవరు? మళ్లీ వెళ్లాను, మళ్లీ అదే పాట. ఆ తర్వాత "సార్‌ని పంపుండ్రి, ఆయనకు సమజ్ చేస్త" అన్నాడు. మా సారుకి స్టీరింగ్ పట్టుకోవడమే రాదు మహాప్రభో అన్నా వినలేదు. ఆయనకే ఫోన్ చేసి, ఆటోమేటిక్‌తో ఎప్పుడూ పరేషానే, మామూలు గేర్‌బాక్సు పెట్టించుకోండి, లేదా అమ్మేయండి అని సలహా పారేశాడు.

మామూలుది పెడితే క్లచ్ తొక్కాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు పడిపోయింది. ఈ బండి పోతే నేను ఇక డ్రైవింగ్ మరిచిపోవాల్సిందే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మెట్రో ఉందిగా అంటారు ప్రతివాళ్లూ. కాలికి ఇనుప కడ్డీల కాలిపర్ కట్టుకుని, స్టేషన్ నుంచి ఆ ఫుట్‌పాత్ మీద బజ్జీల బండ్లనూ బైకులనూ తప్పించుకుంటూ ఒక్కరోజు నడిచి చూపించమనండి, అప్పుడు మాట్లాడదాం.

మెకానిక్ పరాయివాడు, పోనీ అనుకోవచ్చు. మా ఆయన కూడా "నీకే అలవాటు తప్పిందేమోలే, అమ్మేద్దాం" అన్నారు. ఆదివారం ఒకాయన బండి చూడ్డానికి వస్తాడని కూడా చెప్పారు.

శనివారం క్లాసు మానేసి షెడ్డుకు వెళ్లాను. "నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చో బాబూ" అన్నాను.

అతను నవ్వాడు. "గట్లెందుకు మేడం? మీరు కూసోండ్రి, నేను నడుపుత."

అప్పుడు వెలిగింది నాకు. ఇన్నిసార్లు వచ్చినా ఒక్కడూ నా పక్కన కూర్చోలేదు. ఆడమనిషి నడుపుతుంటే పక్కన కూర్చోవడం నామోషీ మరి! అతను తొక్కితే కాలంతా ఆనించి తొక్కుతాడు. అంత జోరులో ఏ ఆటోమేటిక్ అయినా గేరు ఆలస్యంగానే మారుస్తుంది, తప్పు బయటపడదు. రద్దీలో నేను తొక్కేది వేలి మందం.

"కూర్చుంటావా, బండి నీ షెడ్డుకు అడ్డంగా పెట్టి తాళం పట్టుకుపోనా?"

కూర్చున్నాడు, తలుపు పైనున్న పిడిని గట్టిగా పట్టుకుని. కొత్తపేట దాటకముందే ఇంజన్ కాసేపు అరిచి అరిచి, బండి ఒక్క గుద్దు గుద్దింది. అతని తల ముందుకు ఊగింది.

"అరె! గిట్ల కొడ్తదని ముందుగాల చెప్పొద్దా మేడం?"

చెప్పొద్దా! ఇన్నాళ్లూ నోరు నొప్పి పుట్టేలా నేను మొత్తుకున్నది గోడకా?

రోడ్డు పక్కన ఆపించి బానెట్ ఎత్తాడు. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో గేర్‌బాక్సుకు తెలిపే కేబుల్ ఒకటుంటుంది. కొత్త ఇంజన్‌కు తగిలించేటప్పుడు దాన్ని మరీ లాగి బిగించారు. నేను కొంచెం తొక్కినా చాలా తొక్కాననుకుని, గేర్‌బాక్సు పై గేరుకు పోవడం లేదు. నట్టు తిప్పి కేబుల్ వదులు చేశాడు. తిరిగొస్తుంటే మూడో గేరు ఎప్పుడు పడిందో కూడా తెలియలేదు.

షెడ్డులో దిగగానే అతను చేసిన మొదటి పని ఏమిటనుకున్నారు? నేను ఎదురుగా నిలబడి ఉండగానే మా ఆయనకు ఫోన్!

"సార్, కేబుల్ టైట్ ఉండె. సెట్ చేసిన."

స్పీకర్లోంచి మా ఆయన గొంతు వినిపించింది. "అవునా! బండిలోనే ఏదో ఉందని నేను అనుకుంటూనే ఉన్నానండీ."

ఇంటికి చేరేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చారు. "బండి బాగైందటగా?"

"బాగైంది. రేపు వచ్చే ఆయన్ని రావద్దనండి, అమ్మడం లేదు" అన్నాను. "నేను చెబితే నమ్మకం కుదరకపోతే, మెకానిక్‌తో చెప్పిస్తాను."