అన్నను బావ చేసిన మగ్దలీన

మందస నుంచి పలాస వెళ్లే ఉదయం బస్సులో, చెవుల్లో తీగలు పెట్టుకుని, చేతిలో ఫోను చూస్తూ పళ్లు నూరే యాభై రెండేళ్ల మనిషి కనిపిస్తే ఆమె మగ్దలీన. ఆ కోపం కండక్టరు మీద కాదు, తుర్కీ దేశపు అత్తగారి మీద. బస్సు పలాస చేరేలోపు ఒక భాగం అయిపోవాలి. అది ఆమె ఆనాటి సరుకు.

సీరియళ్లు ఆడవాళ్లను చెడగొడతాయని ఉపన్యాసాలిచ్చే పెద్దలు కొందరున్నారు. నోటితో కథ చెప్పే మగ్దలీన లాంటి వాళ్లను చూడగానే మౌఖిక సంప్రదాయమంటూ కళ్లు తుడుచుకుని శాలువా వెతికే పెద్దలు ఇంకొందరు. ఇద్దరికీ ఇచ్చేంత సమయం ఆమెకు లేదు. ఎనిమిదింటికి షెడ్డులో కూర్చోవాలి.

జీడి ఫ్యాక్టరీలో ఆమె పని పప్పు మీది ఎర్ర పొట్టు తీయడం. వేళ్ల కొసలతో, పసిపిల్ల చెవి పట్టుకున్నంత మెల్లగా తీయాలి. కాస్త నొక్కితే గుండుగా ఉన్న పప్పు రెండు బద్దలవుతుంది. గుండుకున్న మర్యాద బద్దకు లేదు. అయితే మగ్దలీన కుడిచేతి వేళ్లు రెండు సరిగా వంగవు. అంతకుముందు పదకొండేళ్లు పక్క షెడ్డులో పిక్కలు కొట్టింది. జీడి నూనె తాకి తాకి ఆ వేళ్లు మొద్దుబారాయి. అందుకని ఇక్కడ ఒక ఏర్పాటు కుదిరింది. ఆమె కథ చెబుతుంది, చుట్టూ ఉన్న ఇరవై మందీ తలా గుప్పెడు పప్పు ఆమె ట్రేలో వేస్తారు. ట్రే నిండుతుంది, పొద్దు గడుస్తుంది.

కొరియా, స్పెయిను, జపాను, ఆమెకు అన్నీ ఒకటే. తెలుగులోకి మార్చినవి వింటుంది, మార్చనివి చూస్తుంది. భాష రాకుండా ఎలా అర్థమవుతుందని అడిగితే, "మాట తెలిత్తే మోసపోతాం గానీ, మొకం సూత్తే తెలీదేటి?" అంటుంది. మంచుదేశపు పోలీసు కథలో సరస్సులో దొరికిన శవం "ఐసు పెట్టిలో కోనెం సేపలాగ" ఉంటుంది. మెక్సికో జమీందారు మేడ బారువ సముద్రం ఒడ్డునే ఉన్నట్టు ఉంటుంది.

ఏ రకం కథ ఎంత గొప్పదో తేల్చడానికి విమర్శకులు గ్రంథాలు రాశారు. ఈ షెడ్డులో ఆ లెక్క సాయంత్రానికి బద్దల కుప్పే చెప్పేస్తుంది. చచ్చినవాళ్లు లేచొచ్చే అమెరికా కథలకు కుప్ప పెద్దది. నవ్వుల కథలకు ట్రేలే ఊగుతాయి. జపాను వాళ్లు కూర్చుని తీరిగ్గా భోజనం చేసే కథకు బద్దలు అసలు రావు, కానీ సగం మంది కునుకు తీస్తారు. అన్నిటికన్నా క్షేమం తుర్కీ కుటుంబ కథలు. వాటిలో ఎవరూ తొందరపడరు. అరగంట ఒకరినొకరు చూసుకుంటారు, నిట్టూరుస్తారు.

ప్రమాదం ప్రేమకథ నుంచి వచ్చింది.

కొరియా పిల్ల ఒకతె ఒక కుర్రాణ్ని పది రోజులుగా "అన్నయ్యా" అని పిలుస్తోంది. తెలుగులో అలాగే వినిపించింది కనుక మగ్దలీన అలాగే చెప్పింది. చిన్నాన్న కొడుకై ఉంటాడని షెడ్డంతా తీర్మానించింది. మంచి అన్న, గొడుగు పడతాడు, మందులు కొనిస్తాడు. పదకొండో రోజు వానలో అదే గొడుగు కింద ఆ అన్న ఆ చెల్లిని ముద్దు పెట్టుకున్నాడు. మగ్దలీన బస్సులోనే అదిరిపడింది. అయినా చూసింది చూసినట్టు చెప్పడం ఆమె అలవాటు, చెప్పేసింది. ఇరవై జతల చేతులు ఒక్కసారి బిగుసుకున్నాయి.

సాయంత్రం మేస్త్రీ కూర్మనాథం ట్రేలు చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఏటిది మగ్దలీనా? కొరియావోడు ముద్దెట్టుకుంటే పలాసలో నా పప్పు పగలాలా?"

"తప్పయిపోనాది బాబూ. రేపు జాగర్తగా సెప్తాను."

"రేపొక్కరోజే. రేపు కూడా ఇలాగే బద్దలొత్తే కతలు బందు. నీ ట్రే నువ్వే నింపుకో. నింపనేకపోతే పిక్కల సెడ్డుకెల్లిపో."

పిక్కల షెడ్డు పేరు వినగానే ఆమె తన రెండు వేళ్లనూ కొంగులో దాచుకుంది.

ఆ రాత్రి మేనకోడలు శిరీషకు ఫోను చేసింది. టెక్కలిలో ఇంజనీరింగు చదివే శిరీష పకపకా నవ్వి, ఆ దేశంలో ఆడపిల్లలు సొంత అన్ననూ, మనసుపడ్డ వాణ్నీ ఒకే మాటతో పిలుస్తారని చెప్పింది. గండం సగం గట్టెక్కింది. మిగతా సగానికి తుర్కీ అత్తగారున్నారు కదా, బద్దలు రావు అనుకుంది.

పొద్దున్న షెడ్డు ఒప్పుకోలేదు. బారువ నుంచి వచ్చే వనజ ట్రే పక్కకు నెట్టి కూర్చుంది. "తుర్కీ ఒద్దు, గిర్కీ ఒద్దు. ఆ సచ్చినోడు అన్నో కాదో తేల్చు ముందు."

"అన్న కాదే. బావ."

"నిన్నటిదాకా అన్నన్నావు కదేటి?"

"ఆ దేశంలో రెండిటికీ ఒకటే మాటంట."

"ఓలమ్మో! మరి ఎవుల్ని మనువాడాలో ఎలా తెలుత్తాదే?"

"మొకం సూసి," అంది మగ్దలీన.

నవ్వు లేచింది. పప్పులు చిట్లబోతున్నాయి. అప్పుడు ఆమె నోటి నుంచి, ముందుగా అనుకోని మాట వచ్చింది: "సేతులు పైకి!"

ఎందుకో తెలియకుండానే అందరూ చేతులెత్తారు. గాల్లో చేతులు పెట్టుకుని కరువుతీరా నవ్వారు. ఒక్క పప్పు పగల్లేదు. మగ్దలీనకు దారి దొరికింది. దెబ్బ పడే ముందు ఆగేది. చేతులు పైకి. పిల్ల తల్లి బావను గుమ్మంలోంచి గెంటింది. అయ్యో అన్నారు. చేతులు కిందకి. మళ్లీ పొట్టు.

పదకొండింటికి కూర్మనాథం తలుపు తోసుకుని వచ్చేసరికి ఇరవై ఒక్క మంది రెండు చేతులూ ఎత్తి, నోట మాట లేకుండా కూర్చున్నారు. మగ్దలీన ఆదివారాలు బాప్టిస్టు చర్చికి వెళ్తుందని ఆయనకు తెలుసు. వాళ్లు అలా చేతులెత్తరని తెలియదు. పప్పు కోసం ప్రార్థన చేస్తున్నారనుకుని జాలిపడ్డాడు. చెప్పులు విడిచి, రిజిస్టరు చంకలో పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"బావకి గూబ గుయ్యిమనీలాగ ఒక్కటిచ్చింది!" అంది మగ్దలీన.

"ఆమేన్," అన్నాడు కూర్మనాథం భక్తిగా.

షెడ్డు పైకప్పు ఎగిరిపోయినంత పని అయింది. వనజ నేలమీద పడి దొర్లింది. చేతులు మాత్రం పైనే ఉన్నాయి.

సాయంత్రం ఆయన బద్దలను రెండుసార్లు జల్లెడ పట్టించాడు. కథ లేని రోజుల కంటే తక్కువే వచ్చాయి. ముఖం గంటుపెట్టుకుని, "సరే, సెప్పుకో. పిక్కల సెడ్డు మాట మరిసిపో," అన్నాడు. గుండ్లతో నిండిన ట్రే ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"అయితే మగ్దలీనా, ఆ దెబ్బ తిన్నాక బావేటి సేసేడు?"

మగ్దలీన బాగున్న చేత్తో కొంగు దులుపుకుంది.

"ముందా ట్రే కింద పెట్టు బాబూ."