డాక్టరుకు చెప్పని విమానాల గది

ఆ సోమవారం పొద్దున మిల్లులో పత్తి ట్రాలీ తూకం వేసి చీటీ రాస్తుండగా నాకు ఊపిరి అందలేదు. నొప్పి లేదు. ఛాతీ చుట్టూ తడి తువ్వాలు బిగించి ముడి వేసినట్టు ఉంది. బచ్చన్నపేట నుంచి పత్తి తెచ్చిన రైతు ఒకాయన నా మొహం చూసి, "ఏమైందన్నా, గట్ల చెమటలు పడ్తున్నయ్?" అన్నాడు. "ఏం లేదే, పొద్దున ఏం తినలె" అన్నాను. నిజానికి కడుపునిండా ఉప్మా తిని వచ్చాను. ఈ జబ్బులో నేను ఆడిన మొదటి అబద్ధం అది.

జనగామలో పత్తి గింజ తీసే ఆ జిన్నింగ్ మిల్లులో నేను పద్నాలుగేళ్ళు తూకం గుమాస్తాగా చేశాను. అది జీతం వచ్చే పని. జీతం రాని పని ఇంకొకటి ఉండేది. ఇంటి వెనక చిన్న గదిలో విమానాల నమూనాలు కట్టేవాణ్ణి. కొరియర్‌లో కిట్ వస్తుంది. అందులోని ముక్కలు కోసి, అరగదీసి, అతికించి, రంగు వేస్తే అరచేతిలో పట్టే విమానం తయారవుతుంది. పేరు మోసిన యుద్ధవిమానాల మీద నాకు మోజు లేదు. జెట్ ఇంజన్ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఎగురుతుందో లేదో చూద్దామని ఒకటో రెండో చేసి పక్కన పెట్టేసినవి ఉన్నాయే, అవే నాకు కావాలి. సూదిలాంటి ముక్కున్న ఎక్స్-3నే తీసుకోండి. ధ్వని వేగానికి రెండింతల వేగంతో పోవాలని గీశారు. ఇంజన్లలో ఆ బలం లేక, కిందికి దూకితే తప్ప ధ్వని వేగమే దాటలేకపోయింది. అంత అందానికి అంత అవమానం జరిగిందే అని నాకు దానిమీద జాలి, ప్రేమ.

మా అక్కది మహబూబాబాద్. ఒకసారి అక్కా బావా మా ఇంటికి వచ్చినప్పుడు బావ ఆ గదిలోకి తొంగిచూశాడు. "ఏం బామ్మర్ది, నలభై ఏండ్లొచ్చినా ఇంక బొమ్మలాటేనా? పాలడబ్బ గిట్ల తెప్పియ్యాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఆ మాట సాయంత్రానికే మరచిపోయి ఉంటాడు. నేను మాత్రం మర్నాడే గదికి తాళం కొన్నాను. అప్పటి నుంచి ఎవరడిగినా అది పాత సామాన్ల గది.

విమానానికి మెరుపు రావాలంటే చివర రంగు లేని పూత, క్లియర్ కోట్, వేయాలి. నమూనాల కోసం ప్రత్యేకంగా అమ్మేవి మా వైపు దొరకవు. హైదరాబాద్ రోడ్డు మీద కార్లకు రంగు వేసే షెడ్డులో అడిగితే క్లియర్, హార్డెనర్ రెండు డబ్బాలు ఇచ్చారు. రెండూ కలిపి, సన్నగా చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో కొడితే గాజులా గట్టిపడుతుంది. ఇచ్చేటప్పుడు ఆ షెడ్డు మేస్త్రీ, "ఖుల్లా జాగల కొట్టన్నా. లోపల కూసోని కొట్టకు, మంచిది కాదు" అని చెప్పే ఇచ్చాడు. నేను వినలేదు. ఎక్స్-3 తెల్లటి విమానం. తడి రంగు మీద ఒక్క దూది నలుసు పడితే ఆరు వారాల పని మట్టిపాలు. మిల్లులో పనిచేసేవాడి ఇంట్లో దూది లేని చోటెక్కడ? బట్టల్లో, జుట్టులో, దుప్పట్లో అంతా దూదే. అందుకని కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, తలుపు కింద తడి చీరముక్క కుక్కి మరీ కొట్టేవాణ్ణి. నా ముక్కుకు ఒక చేతిరుమాలు, అంతే.

మిల్లుకు సెలవు ఆదివారం కాబట్టి ఆదివారం పొద్దున కొట్టేవాణ్ణి. సాయంత్రానికి చలి, ఒళ్ళునొప్పులు, పొడి దగ్గు. సోమవారం మిల్లులో ఆయాసం. బుధవారానికల్లా తగ్గేది. నాలుగు నెలలు ఇదే వరస. వీధి చివర ఆర్ఎంపీ "వైరల్" అని సూది వేశాడు. దవాఖానలో టీబీ అనుమానంతో కళ్ళె పరీక్ష చేశారు, నెగెటివ్ వచ్చింది. ఎక్స్-రేలో మసక ఉంది, వరంగల్‌లో చెస్ట్ డాక్టరుకు చూపించుకోమన్నారు.

నేనూ నా భార్య సుజాతా వరంగల్ బస్సెక్కాం. స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు ఆగినప్పుడు ఆమె చెవిలో, "గా బొమ్మల సంగతి డాక్టరు కాడ ఎత్తకు, నవ్వుతడు" అన్నాను. ఆమె "సరే, నీ ఇష్టం" అంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా, నేను ఆ సామెతను నమ్ముకున్నాను.

డాక్టరు ఓపికగానే అడిగాడు. ఆయన్ను అనడానికి నాకు నోరు లేదు.

"ఏం పని చేస్తరు?"

"జిన్నింగ్ మిల్లుల సార్, పద్నాలుగేండ్లు."

"సిగరెట్? మందు?"

"ఏ అలవాట్లు లెవ్వు సార్" అని సుజాత అందుకుంది.

"ఏ రోజు ఎక్కువుంటది?"

"సోమవారం, సార్."

ఆయన పెన్ను ఆపి, పక్కన నిలబడ్డ జూనియర్ వైపు తిరిగాడు. "విన్నవా? మండే టైట్‌నెస్. క్లాసికల్ హిస్టరీ." తర్వాత నాకు వివరించాడు. పత్తి ధూళితో వచ్చే జబ్బు, పేరు బిస్సినోసిస్. ఒకరోజు సెలవు తీసుకుని సోమవారం మళ్ళీ మిల్లుకు పోగానే ఛాతీ పట్టేస్తుంది. పుస్తకంలో రాసినట్టే ఉంది నా కథ. చివరగా, "ఇంట్ల ఏమన్న కెమికల్స్, పెయింట్లు, పావురాలు?" అని కూడా అడిగాడు. "లేవు సార్" అన్నాను. సుజాత తన చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది.

పది రోజులు మిల్లుకు దూరంగా ఉండి చూడమంటే మహబూబాబాద్ వెళ్ళాం. నాలుగో రోజుకే దగ్గు పోయింది. బావతో కలిసి రైల్వే గేటు దాకా నడిచి వచ్చాను. తిరిగి చూపించుకుంటే డాక్టరు, "చూసిన్రా, మిల్లు లేకుంటే ఎంత మంచిగున్నరో" అన్నాడు. మిల్లుకు దూరంగా ఉన్నానంటే ఆ గదికీ దూరంగా ఉన్నానని నాకు తట్టింది. తట్టలేదని ఇక్కడ మళ్ళీ అబద్ధం చెప్పను. తట్టిన ఆలోచనను నోరు మూసుకోమన్నాను.

మిల్లు దుమ్ము వల్లే ఈ జబ్బని డాక్టరు రాసిచ్చిన లెటర్ పట్టుకుని మిల్లు మానేశాను. మా సేటు ఆ కాగితం రెండుసార్లు చదివి, "పద్నాలుగేండ్లు నా ఉప్పు తిని నా మిల్లునే బద్నాం చేస్తున్నవా?" అన్నాడు. నేను తగ్గలేదు. మిల్లు నా ఊపిరితిత్తుల్ని తినేసిందని టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, బస్టాండులో కనబడ్డవాడికల్లా చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. జాలి తియ్యగానే ఉంటుంది.

ఇంట్లో కూర్చున్నాను. సుజాత కుట్టుమిషన్ మీద ఇల్లు నడుస్తోంది. నాకు రోజంతా ఖాళీ, గది తాళంచెవి జేబులో. అప్పుడు మొదలుపెట్టాను మారుత్‌ను. మన దేశంలోనే గీసి కట్టిన తొలి జెట్ యుద్ధవిమానం అది. ఒడ్డూ పొడుగూ అన్నీ కుదిరాయి, తగిన ఇంజనే దొరకలేదు. వెండి రంగు వేసి, క్లియర్ కొట్టి, నచ్చక అరగదీసి, మళ్ళీ కొట్టాను. ఇంతకుముందు వారానికి ఒకరోజు పీల్చిన గాలి ఇప్పుడు మూడు రోజులు, నాలుగు రోజులు పీలుస్తున్నాను. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. స్నానాల గది నుంచి మంచం దాకా రావాలంటే మధ్యలో గోడ పట్టుకోవాలి. "మిల్లు బందు పెట్టినా ఎందుకు తగ్గుతలేదు?" అని సుజాత అడిగితే, "పద్నాలుగేండ్ల దుమ్ము, పద్నాలుగు రోజులల్ల పోతదా?" అని కసిరాను.

చివరకు పెదాలు నీలం తిరిగితే వరంగల్‌లో అడ్మిట్ చేశారు. ఆక్సిజన్ పెట్టారు. ఊపిరితిత్తుల స్కాన్, హెచ్‌ఆర్‌సీటీ, తీశాక అదే డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూశాడు. "ఇది బిస్సినోసిస్ లెక్క లేదు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనిపిస్తున్నది, పీల్చింది పడక ఊపిరితిత్తులు వాస్తయి. మీరు దేన్నో రోజూ పీలుస్తున్నరు. ఏందది? మంచిగ యాది చేసుకోండి" అన్నాడు. పావురాలా, కూలర్‌లో బూజా, పాత దిండా అని ఒక్కొక్కటే అడిగాడు. సుజాత నా కళ్ళలోకి చూసింది. నేను మాస్కు చాటు నుంచి అడ్డంగా తలూపాను. అప్పటికీ నా ప్రాణం కంటే బావ నవ్వే నాకు పెద్దగా కనిపించింది. ఇంతకంటే సిగ్గుమాలిన సిగ్గు ఇంకొకటి ఉండదు.

స్టెరాయిడ్లతో పదకొండు రోజుల్లో లేచి నడిచాను, ఇంటికి పంపారు. మారుత్‌కు ఒక్క కోటు మిగిలింది. ఒక్కటే కదా అనుకున్నాను. పన్నెండో రోజు పొద్దున సుజాత కుట్టిన బట్టలిచ్చి రావడానికి వెళ్ళగానే గది తీశాను. ఆమె తిరిగొచ్చేసరికి నేను గడపలో పడి ఉన్నాను.

రెండోసారి వార్డులో నాకు తెలివొచ్చాక డాక్టరు రౌండ్స్‌కు వచ్చాడు. సుజాత సంచిలోంచి పేపరులో చుట్టిన డబ్బా తీసి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. "సార్, గీ డబ్బ మూత తీసిన్నాడల్ల గీయనకు గిట్లయితది. విమానాల బొమ్మలు చేస్తడు. తలుపులన్ని మూసి రంగు కొడ్తడు. జెప్పద్దన్నడు, జెప్పలె" అంది. డాక్టరు లేబుల్ మీద, ఊపిరితిత్తులకు పడని ఆ హార్డెనర్ రసాయనం పేరు చదివాడు. "ఐసోసైనేట్" అని ఒక్కమాట అని కుర్చీలో కూర్చున్నాడు. "రెండుసార్లు అడిగిన కదండి. ఎందుకు చెప్పలే?"

"సిగ్గయింది సార్" అన్నాను.

ఆయన డబ్బాను మళ్ళీ పేపరులో చుట్టాడు. అప్పుడు సుజాత అందుకుంది. "నీ ఇజ్జత్ కోసం నా నోరు గూడ మూయించినవ్. ఇగ ఆ ఇజ్జత్‌నే పీల్చుకొని బతుకు." పదిహేడేళ్ళ కాపురంలో ఆమె నన్ను అంత మాట అనడం అదే మొదలు. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పుకున్నారు.

వాపు ఉన్నచోట స్టెరాయిడ్ పనిచేసింది. ఫైబ్రోసిస్ వచ్చి, మచ్చ కట్టి గట్టిపడ్డ చోట ఏదీ పనిచేయదు. "మొదటిసారి అడిగినప్పుడే చెప్పి ఉంటే చాలా మటుకు తగ్గేది. ఇప్పుడు మచ్చ పడ్డకాడ మచ్చే" అన్నాడు డాక్టరు. గొట్టంలోకి ఊదించి స్పైరోమెట్రీ చేస్తే, అందరికీ ఉండాల్సిన ఊపిరిలో నాకు సగానికి కాస్త పైన ఉంది. మెట్లు ఎక్కలేను. బిందె లేపలేను. నవ్వితే దగ్గు వస్తుంది, అందుకని ఇంట్లో నవ్వు కరువైనా ఆ లోటు పెద్దగా తెలియడం లేదు.

కాస్త తేరుకున్నాక మిల్లుకు వెళ్ళి సేటుకు నిజం చెప్పాను. తూకం దగ్గర నా కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. లోపల పత్తి ఏరే ఆడవాళ్ళందరి ముఖాలకూ మాస్కులు, గోడకు కొత్తగా రెండు పెద్ద ఫ్యాన్లు. నా లెటర్ చూసి భయపడి సేటే పెట్టించాడట. పత్తి దుమ్ము మంచిది కాదు కాబట్టి వాళ్ళకు మేలే జరిగింది. సేటు నా మాట పూర్తిగా విని, "గిప్పుడు జెప్తే ఏం లాభమయ్యా? పో, ఆరోగ్యం జర పైలం" అన్నాడు. తిడితే తేలికపడేవాణ్ణి.

ఇప్పుడు మేం రేగొండలో, సుజాత పుట్టినూళ్ళో ఉంటున్నాం. నేను మా బామ్మర్ది బట్టల దుకాణంలో కుర్చీలో కూర్చుని చీరల ధరలు చెబుతాను. విమానాలన్నీ జనగామలోనే ఒక స్కూలుకు ఇచ్చేశాను. మారుత్ ఒక్కటే వెంట తెచ్చుకున్నాను. దాని ఎడమ రెక్క మీద ఆ చివరి కోటు సగం దాకా పడి ఆగిపోయింది. సగం మెరుస్తుంది, సగం మెరవదు. సుజాత దాన్ని పారెయ్యమనదు, దుమ్ము తుడవదు.

నాలాంటి రోగులకూ వాళ్ళ ఇంట్లోవాళ్ళకూ ఒక్కటే చెబుతాను. అంతుపట్టని దగ్గో ఆయాసమో వస్తే డాక్టరుకు జీతం వచ్చే పని ఒక్కటే చెప్పి ఊరుకోకండి. సెలవు రోజు మీ చేతులు ఏం చేస్తాయో, ఏ గదిలో చేస్తాయో, ఏ డబ్బా మూత తీస్తాయో చెప్పండి. ఆ డబ్బా లేబుల్ ఫోటో తీసి చూపించండి. రోగి చెప్పకపోతే పక్కనున్నవాళ్ళు చెప్పండి, వద్దన్నా సరే.

నేను ఇప్పుడు చెకప్‌కు పోయినప్పుడల్లా, కొత్త డాక్టరు కనబడితే, అడగకముందే చెబుతున్నాను: "విమానాల బొమ్మలు చేసేటోణ్ణి సార్, మూసిన గదిల." ఇప్పటికి ఐదుగురికి చెప్పాను. ఒక్కరూ నవ్వలేదు. తల వంచుకుని రాసుకున్నారు.