పాత అట్ట, కొత్త ముక్కు

సింగానల్లూరులో పెద్ద కార్లకు గుడ్డ తొడుగులు కుట్టే అంతోని ఏ కారునూ ముందు కళ్లతో చూడడు. పసిబిడ్డకు నూనె రాసినట్టు రెండు అరచేతులతో బానెట్ నుంచి వెనకదాకా నిమురుకుంటూ పోతాడు. ఆ వంపులన్నీ అట్టమీద గీసి, కత్తిరించి, కారు పేరు రాసి గోడమేకుకు తగిలిస్తాడు. మళ్లీ ఎవరైనా అదే పేరు చెబితే అట్ట దించి, కారు రాకముందే గుడ్డ కోసేస్తాడు. మొన్న మిల్లు ఓనరు డ్రైవరు కదిరవన్ ఫోన్లో చెప్పిందీ గోడమీదున్న పాత పేరే.

ఇవాళ ఆ కొత్త కారుకు వెనకనుంచి తొడుగు లాక్కుంటూ వచ్చేసరికి ముందర గుడ్డ చాలలేదు. వెడల్పాటి మెరిసే ముక్కు బయటే ఉండిపోయింది. ముందుకు లాగితే వెనక దీపాలు బయటపడ్డాయి.

"పేరు అదే అంటివే తంబీ!"

"పేరు అదే అణ్ణా. మూడు నాలుగేండ్లకు కంపెనీవాళ్లు మొగం మారుస్తారు, ఇంకొన్నాళ్లకు ఒళ్లే మారుస్తారు. లేకుంటే పాతది ఉండేవాళ్లు కొత్తది ఎందుకు కొంటారు?"

కోసిన గుడ్డ ఒళ్లో వేసుకుని అంతోని మెట్టు మీద కూలబడ్డాడు. ఊరడించాలని కదిరవన్ ఫోన్ చూపించాడు. "దీని తర్వాత వచ్చేది ఇదో, ముందే చూసి పెట్టుకో. ఇంకా ఎవురికీ చూపించలే."

అందులో కారు కనబడలేదు. పట్టుగుడ్డ కప్పిన ఆకారం మాత్రమే ఉంది. ఎక్కడా ముడత లేదు.

"ఈ గుడ్డ కుట్టినోనికి మాత్రం ముందే చెప్పినారు, సూడు," అన్నాడు అంతోని. అలవాటుకొద్దీ ఫోన్లోని ఆ ముక్కు మీద వేళ్లు ఆనించి మెల్లగా నిమిరాడు. బొమ్మ పక్కకు జరిగిపోయింది.